సెల్లార్‌లో గట్టిమేళం

మాదాపూర్,
6 జులై 2025

మామకు నవ్య దండాలు పెట్టి రాస్తున్నది.

ఫోన్లో నేనేదో చెబుతాను, నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను గొంతు పెంచుతాను. చివరికి మా హాస్టల్లో అందరికీ వినబడుతుంది, నీకు తప్ప. అందుకే ఈ ఉత్తరం. ఇక్కడ పోస్టాఫీసు ఎక్కడని ఆఫీసులో ఒకతన్ని అడిగితే, నన్ను తేరిపార చూసి "పాస్‌పోర్టు కోసమా?" అన్నాడు. మా మామకు ఉత్తరం రాయాలి అంటే నవ్వాడు. నవ్వనీ.

సంగతేమిటంటే, సెప్టెంబరు 14 ఆదివారం నువ్వు డోలు తీసుకుని ఇక్కడికి రావాలి. నేనూ, ఆఫీసులో నాతో పనిచేసే ఒకరూ కలిసి ఎన్నాళ్లుగానో అనుకుంటున్నది ఆ రోజు జరుపుతున్నాం. పెద్ద హంగామా ఏమీ లేదు, దగ్గరివాళ్లు కొందరే. కానీ నీ డోలు లేకుండా కుదరదు. అమ్మకు ఇంకా చెప్పలేదు. చెబితే ఏమంటుందో నీకు తెలుసు కదా. ముందు నువ్వు సరే అంటే, తరువాత నువ్వే చెబుదువుగాని.

అత్త మోకాలు ఎలా ఉంది? జవాబు రాయి. ఫోన్ చేయకు.

నీ మేనకోడలు,
నవ్య

జమ్మలమడుగు,
14 జులై 2025

పాపా నవ్యా, మామ దీవెనలు. మీ అత్త దీవెనలు ఇంకా ఎక్కువ, ఎందుకో చదువు.

పోస్టుమాన్ కవరు తెస్తే కోర్టు కాగితమేమో అని మీ అత్త కమలమ్మ భయపడింది. నేను చదివి వినిపించినాను. మళ్లీ చదవమంది. ఆ పైన కండ్లు తుడుచుకొని దేవుని ముందర దీపం పెట్టింది. "నేను ముందే అనుకున్యా, ఆ పిల్ల ఇంటికి రాకుండా ఆడ ఏం చేస్తాందో అని" అంటాది. అబ్బాయి ఎవరు? ఏ ఊరు? ఆఫీసులో నీకు పైవాడా, కిందివాడా? మీ అమ్మకు నేను చెప్పలేదులే, నువ్వు వద్దన్నావు గదా. కానీ ఆ ముహూర్తం పెట్టిన పంతులు ఎవరే? క్యాలెండర్ చూసినాను, ఆ తేదీ మహాలయ పక్షంలో పడింది. పెద్దలకు పిండాలు పెట్టే దినాల్లో ఎవరైనా తాళి కడతారా? ఆ పంతులు కంప్యూటర్లో చూసి చెప్పింటే ఆ కంప్యూటర్‌ను పారేయమను.

ఇక డోలు మాట. నీ పెళ్లికి నేను వాయించకపోతే ఇంకెవరు వాయిస్తారని నీకుంటుంది. నాకూ ఉండేది. కానీ పాపా, సన్నాయి సన్నగా పలికితే నా చెవికి అందడం లేదు. పోయిన మాఘంలో ఒక పెళ్లిలో సన్నాయి ఆగిపోయినా నేను వాయిస్తానే ఉన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు బాధయింది. ఇంటికి వచ్చి డోలుకు గుడ్డ కప్పి మూల పెట్టినాను. తోలు వాయించకుండా ఉంటే చచ్చిపోతుంది, అందుకని విజయదశమికి పూజ చేసి మా మేళంలో రెండో డోలు వాయించే సురేంద్రకు ఇచ్చేస్తాను. ఇద్దరు పిల్లల తండ్రి, మంచి చేయి. నీ పెళ్లికి వాడు వస్తాడు. నేను ముందు వరసలో కూర్చొని అక్షింతలు వేస్తాను. ఇన్నేండ్లు ఎన్ని పెండ్లిండ్లకు పోయినా ఒక్కసారి కూడా వేసింది లేదు. రెండు చేతులూ డోలు మీదనే ఉంటాయి గదా.

అబ్బాయి ఫోటో పంపు.

మీ మామ,
ఓబులేసు

మాదాపూర్,
21 జులై 2025

మామా,

నీ ఉత్తరం ఆఫీసు క్యాంటీన్లో చదివి టీ మీద పోసుకున్నాను. పెళ్లీ లేదు, అబ్బాయీ లేడు! నాతో పనిచేసేది కిరణ్మయి. తెల్లాపూర్లో భర్తతో, కూతురితో సుఖంగా ఉంది. వయొలిన్ వాయిస్తుంది. అత్తకు నా తరఫున సారీ చెప్పు. ఆ దీపం వేరే మంచి పనికి పనికొస్తుందిలే.

మేము చేస్తున్నది సంగీతమే. కాకపోతే అందులో సగం వాయిద్యాలు, సగం మన చుట్టూ ఉన్న చప్పుళ్లు. నా సంచిలో ఎప్పుడూ ఒక చిన్న రికార్డరు ఉంటుంది. మెట్రో గేటు తెరుచుకునే చప్పుడు, ఆఫీసు తలుపుకు కార్డు చూపిస్తే అది పలికే పలుకు, నీళ్ల ట్యాంకరు సంపులోకి వదిలే ధార, ఇవన్నీ పట్టుకుని, వాటితో కిరణ్మయి వయొలిన్‌ను కలుపుతాం. హాస్టల్ నడిపే నీలమ్మ గారు నేను వంటింట్లో మైకు పెట్టడం చూసి, "ఏంది బిడ్డా, కుక్కర్‌కి మైకు పెట్టినవ్? అది ఏమన్న స్పీచ్ ఇస్తదా?" అంది. ఇస్తుంది అన్నాను. అప్పటినుంచి మైకు పెట్టిన రోజు ఆవిడ వంటింట్లో మాట్లాడదు, గరిటె కూడా మెల్లగా పెడుతుంది.

మామా, నువ్వు డోలు ఇచ్చేస్తానన్న మాట చదివాక మాత్రం నవ్వు రాలేదు. చిన్నప్పుడు పెళ్లిళ్లలో నీ పక్కనే కూర్చునేదాన్ని. నువ్వు వాయిస్తే చెవి కన్నా ముందు నా కడుపులో మోగేది. చప్పుళ్ల మీద నాకు ఈ పిచ్చి అక్కడే పట్టిందనుకుంటా. మా దాంట్లో సన్నాయి లేదు. నువ్వు ఎవరి వెంటా పోనక్కరలేదు. వస్తావా?

నవ్య

జమ్మలమడుగు,
31 జులై 2025

పాపకు దీవెనలు.

మీ అత్త ఒక పూట నాతో మాట్లాడలేదు, నేనేదో పెళ్లి చెడగొట్టినట్టు. ఇప్పుడు బాగానే ఉంది.

నువ్వు చెప్పిన పని విని నాకు ఆశ్చర్యం తగ్గడం లేదు. గట్టిమేళం ఎందుకు వాయిస్తామో నీకు ఎవరైనా చెప్పినారా? తాళి కట్టే క్షణంలో ఎవరో తుమ్ముతారు. ఒక బిడ్డ ఏడుస్తుంది. బయట ఎవడో ఎవడినో తిడతాడు. అవేవీ పెళ్లికూతురి చెవిన పడకూడదు. అందుకని పంతులు చెయ్యి ఎత్తగానే మేము ఉన్న బలమంతా పెట్టి మోగిస్తాము. పంతులు ఎత్తకముందే ఎవరి ముక్కైనా ఎగరడం కనబడితే నా చేయి ఆగదు, అదే లేస్తుంది. అంటే నేను బతుకంతా ఏ చప్పుళ్లు వినబడకుండా చేసినానో, నువ్వు వాటినే ఏరుకొని సంచిలో వేసుకుంటున్నావు. మనిద్దరికీ ఎట్లా కుదురుతుందే?

అయినా అడుగుతాను. ఆ కార్డు చూపిస్తే తలుపు ఏమని పలుకుతుంది? ఆ మెట్రో గేటు ఏమంటుంది? ఫోన్లో వినిపించొద్దు, నాకు చీమ నడిచినట్టు కూడా ఉండదు. మా నాయన నాకు చెప్పినట్టు జతుల్లో రాయి. త, ధి, తోం, నం. అట్లా రాస్తే నా వేళ్లకు వినబడుతుంది.

ఊరికే తెలుసుకుందామని అడిగినాను. వస్తానని కాదు.

ఓబులేసు

మాదాపూర్,
12 ఆగస్టు 2025

ఊరికే తెలుసుకుందామని అడిగిన మామకు,

వారం పట్టింది నాకు. మెట్రో ఎక్కి గేటు దగ్గర నిలబడి "తిక్... ఝణం" అని గొణుక్కుంటుంటే మూసాపేట స్టేషన్లో సెక్యూరిటీ అమ్మాయి దగ్గరికి వచ్చి, "మేడం, తబియత్ మంచిగుందా?" అంది. ఇదిగో, నాకు చేతనైనట్టు రాశాను.

మెట్రో గేటు: తిక్, ఝణం. మనిషి మనిషికీ అదే, మధ్యలో ఖాళీ మాత్రం మారుతుంది.
ఆఫీసు తలుపు: టిం, తక.
ట్యాంకరు: ధుం ధుం ధుం అని మొదలై, సంపు నిండేకొద్దీ సన్నబడి కిణ కిణ అవుతుంది.
కారు వెనక్కి తీయించే మా వాచ్‌మన్: "ఆనే దో, ఆనే దో, ఆనే దో... బస్!" ఇది నాకు తకిట, తకిట, తకిట, ధోం అనిపించింది. తప్పా?

ఎక్కడ చేస్తామో చెప్పలేదు కదూ. మాదాపూర్లో ఒక ఆఫీసు కింద సెల్లార్, ఆదివారం కార్లు ఉండవు, ఖాళీ. చప్పట్లు కొడితే గోడలు తిరిగి కొడతాయి. నేల మీద రేకులు పరిచి వాటినీ వాయిస్తాం.

ఒక్క విషయం జాగ్రత్తగా చదువు. చివర్లో కిరణ్మయి వయొలిన్ విల్లు పైకెత్తుతుంది. అప్పుడు అందరం ఆపేస్తాం. కాసేపు ఎవ్వరమూ ఏమీ వాయించం. ఆ సెల్లార్లో ఆ వేళ దానంతట అది ఏది వినబడితే అదే మా పాట. దగ్గైనా, లిఫ్టైనా, పైన రోడ్డైనా. ఏదీ వినబడకపోతే ఆ వినబడకపోవడమే. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అది. ఏమొస్తుందో నాకూ తెలియదు. నువ్వు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే చాలు.

నవ్య

జమ్మలమడుగు,
25 ఆగస్టు 2025

పాపా,

తకిట తప్పు కాదు. ఆ వాచ్‌మన్ మూడేసి దెబ్బల తిశ్రం బాగా పట్టినాడు, చివర ముక్తాయింపు కూడా వేస్తున్నాడు. నీ ట్యాంకరు మాత్రం నన్ను విసిగించింది. ధుం నుంచి కిణకు పోవాలంటే ఎడమ చేతి పుల్ల అంచుకు జరగాలి. జరిపి జరిపి చూసినాను.

అవును, గుడ్డ తీసినాను. తోలు ఎండలో పెట్టి, వేళ్లకు తొడుగులు పెట్టుకొని, నీ ఉత్తరం ముందర పెట్టుకొని వాయించినాను. మీ అత్త వంటింట్లో నుంచి వచ్చి, "ఏ పెండ్లిలోనూ ఇది వినలేదే, ఏంది ఇది?" అనింది. "మెట్రో" అన్నాను. తల కొట్టుకొని పోయింది, మళ్లీ వచ్చి గడప మీద కూర్చునింది.

వస్తాను. కానీ ఒకటి ముందే చెబుతాను. నాకు ఇది ఆట కాదు. చెవి పోయినా వాయించవచ్చని ఆ దినం తేలితే డోలు నా దగ్గర ఉంటుంది. నా చేయి ఎక్కడైనా తప్పితే విజయదశమికి సురేంద్ర మెడలో వేసి, మళ్లీ దాని పేరు ఎత్తను. నువ్వు కూడా ఎత్తొద్దు.

మూసాపేటలో సురేంద్ర బామ్మర్ది రూములో దిగుతాను. విల్లు ఎత్తితే ఆపాలి, అంతే గదా? ఆ మాత్రం కండ్లు ఉన్నాయి.

ఓబులేసు

మాదాపూర్,
16 సెప్టెంబరు 2025

మామా,

నేను మైకుల తీగలు చుట్టి తల ఎత్తేసరికి నువ్వు లేవు. రూముకు వెళ్తే పొద్దున్నే బస్సెక్కావన్నారు. అన్నం కూడా తినలేదట.

నాకు అర్థమైంది. నీలాంటి వాయిద్యగాణ్ణి పిలిచి, నలుగురి ముందు చేతులు కట్టి కూర్చోబెట్టాను. నీకు అవమానమయ్యింది, అందుకే కోపమొచ్చి అలా మోగించావు. అడగాల్సింది కాదు. నాకు ఇష్టమని నీ మీద రుద్దాను. కోపం పోయాక ఒక్క ముక్క రాయి.

నవ్య

జమ్మలమడుగు,
16 సెప్టెంబరు 2025

నవ్య పాపకు,

ఏ మొగం పెట్టుకొని రాస్తున్నానో నాకే తెలియదు.

విల్లు ఎత్తే దాకా బాగానే జరిగింది. గేటూ, తలుపూ, ట్యాంకరూ అన్నీ నా చేతిలో పలికినాయి. ఆ సెల్లార్ గోడలు కొట్టిన దెబ్బను తిరిగి నా రొమ్ముకు ఇస్తాంటే, చాలా దినాల తరువాత నేను వాయించేది నాకే తెలిసింది. ఎంత సంతోషపడినానో. విల్లు ఎత్తింది, ఆపినాను. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. అందరూ కండ్లు మూసుకొని కూర్చున్నారు. అంతలో ముందు వరసలో, మెడలో ఆఫీసు బిళ్ల వేసుకొన్న పిల్లోడు మొగం పైకెత్తినాడు. ముక్కు ఎగిరింది. నోరు తెరిచినాడు. అంతే పాపా, నా చేతులు నన్ను అడగలేదు.

గట్టిమేళం. కండ్లు మూసుకొని, ఉన్న బలమంతా పెట్టి. నీకు అన్నిటికన్నా ఇష్టమైన చోట.

మొగానికి ఏదో తగిలితే కండ్లు తెరిచినాను. వాళ్లు నా మీద విసురుతున్నారు. చేతిలో తినేది ఏదుంటే అది. ముందర ఒక పెద్దామె లేచి నిలబడి విసిరింది, ఆమెను చూసి అందరూ. నోర్లు తెరిచి ఏమేమో అరుస్తున్నారు, నాకు ఒక్క మాట వినబడలేదు. ఇన్నేండ్ల వాయింపులో నామీద ఎవరూ ఏదీ విసరలేదు. తాగినోళ్ల పెండ్లిలో కూడా.

నీ పని చెడగొట్టినాను. విజయదశమి దాకా ఆగలేదు, బస్సు దిగి నేరుగా సురేంద్ర ఇంటికి పోయి డోలు ఇచ్చి వచ్చినాను. మీ స్నేహితురాలికి నా తరఫున క్షమాపణ చెప్పు.

మామ

మాదాపూర్,
22 సెప్టెంబరు 2025

మామా, మామా, మామా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటిపోయాయి. నీది ఇప్పుడే అందింది. ఏడుస్తూ నవ్వుతూ రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే చదువుకో.

ఆ పెద్దామె మా నీలమ్మ గారు. వచ్చినవాళ్లందరికీ పొట్లాలు కట్టి తెచ్చింది ఆవిడే. వాటిలో ఏమున్నాయో తెలుసా? బొరుగులు. ఉప్పూకారం కలిపిన బొరుగులు. నువ్వు గట్టిమేళం ఎత్తుకోగానే ఆవిడ లేచి, గుప్పెడు బొరుగులు నీ మీద చల్లింది. ఆవిణ్ణి చూసి పక్కామె. ఆ తరువాత కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లందరూ, మా మేనేజరుతో సహా, లేచి నిలబడి చల్లారు. కారం కిరణ్మయి కంట్లో పడింది. తరువాత నీలమ్మ గారిని అడిగితే, "ఏం చెయ్యాలె బిడ్డా? గట్టిమేళం ఇనవడ్డంక చెయ్యి ఊకుంటదా? బియ్యం లేకపాయె, గవ్వే ఏసిన" అంది.

మామా, వాళ్లు నీ మీద విసరలేదు. అక్షింతలు వేశారు.

అరిచింది తిట్లు కావు. సంతోషంతో కేకలు. నీకు వినబడలేదు, నేను పక్కన లేను. నా తప్పల్లా నీ చెయ్యి పట్టుకుని అక్కడే చెప్పకపోవడం.

అందరికీ నచ్చిందని అబద్ధం చెప్పను. కిరణ్మయి రెండు రోజులు ముభావంగా ఉంది. నిశ్శబ్దం పాడైపోయిందని ఒకాయన మెసేజ్ పెట్టాడు. మొదటి దెబ్బకు నేనూ నా పాట పోయింది అనుకున్నాను. ఇంటికొచ్చి రికార్డింగు విన్నాను. ముందు వరసలో వాడు రాకేశ్, వాడికి దుమ్ము పడదు, గట్టిగానే తుమ్మానని ఒప్పుకున్నాడు. ఎన్నిసార్లు విన్నా ఆ తుమ్ము లేదు. నీ కింద పడి మాయమైపోయింది. నువ్వు చేయాల్సిన పని నువ్వు పూర్తిగా చేశావు. చేయి తప్పిందన్నావే, ఎక్కడ తప్పింది?

ఇంకొకటి. నువ్వు హఠాత్తుగా ఆపేశావు కదా, అప్పటికి గాల్లో ఉన్న బొరుగులు ఇంకా పడుతూనే ఉన్నాయి. రేకుల మీద, నీ డోలు మీద. అది కూడా రికార్డయింది. ఏమొస్తుందో తెలియదని రాశానే, వచ్చింది అదే. దానికి జతి రాద్దామని కూర్చున్నాను, చేతకాలేదు. ఇన్ని పెళ్లిళ్లు వాయించావు, అక్షింతలు రాలే చప్పుడు నువ్వెప్పుడైనా విన్నావా మామా? నీ డోలే దాన్ని ఎవరికీ విననివ్వలేదు కదా.

సురేంద్ర దగ్గరికి వెళ్లు. వెంటనే వెళ్లు.

నవ్య

జమ్మలమడుగు,
విజయదశమి, 2 అక్టోబరు 2025

నా బంగారు పాపకు,

ఉత్తరం మీ అత్తకు ఇచ్చి నువ్వే చదువు అన్నాను, నాకు అక్షరాలు కనబడలేదు. ఆమె "అక్షింతలు వేశారు" అన్న చోట ఆగి నా మొగం చూసింది. "సూసినావా, పెండ్లి జరగనే జరిగింది, అది నీకు" అని నవ్వింది. దీపం పెట్టింది వృథా పోలేదంట.

ఈ పొద్దు సురేంద్ర ఇంటికి పోయినాను. ఎట్లా అడగాల్నో తెలియక గడప దగ్గర నిలబడితే వాడే లోపలికి పోయి డోలు తెచ్చి, "తోలు కూడా ముట్టుకోలేదు మామా, నువ్వు వస్తావని తెలుసు" అన్నాడు. ఇంటికి తెచ్చి పసుపు కుంకుమ పెట్టినాము.

నువ్వు అడిగినదానికి జవాబు. వినలేదు పాపా, ఎప్పుడూ వినలేదు. విందామని ఈ పొద్దు డోలును రెండు పీటల నడుమ, కింద చెయ్యి పట్టేటట్టు నిలబెట్టినాను. పైతోలు మీద మీ అత్తను పసుపు బియ్యం పోయమన్నాను. చెవికి ఏమీ రాలేదు. కింది తోలుకు అరచెయ్యి ఆనించి మళ్లీ పోయమన్నాను. ఈసారి వచ్చింది. చేతికి వచ్చింది. ఎంత చిన్న చప్పుడే అది! ఒక్కొక్క గింజ వేరువేరుగా తెలిసింది. దీన్నా నేను ఇన్నేండ్లు తొక్కిపెట్టింది అని నవ్వొచ్చింది, నవ్వుతాంటే కండ్లల్లో నీళ్లు కారినాయి.

జతి రాయడానికి నాకూ చేతకాలేదు. ఇంకోసారి వినాల. మీ అత్త రెండో దోసెడు పట్టుకొని నిలబడింది, చేతులు నొప్పి అంటాది. ఇక పోతాను.

మీ మామ,
డోలు ఓబులేసు